ఆరో నంబరు మంచం, అడగని మాట

ఫిబ్రవరి 9, సోమవారం

మధ్యాహ్నం డ్యూటీ. సర్జికల్ వార్డులో నేనొక్కదాన్నే, అడ్మిషన్లు ఏడు. దేవుడు చేతులు రెండే ఇచ్చాడు, ఈ దవాఖానా ఫారాలు మాత్రం ఏడు ఇచ్చింది.

ఆరో నంబరు మంచం — కొమురమ్మ. నెక్కొండ దగ్గరి పల్లె. మిరప తోటల్లో కూలి. పేగులో గడ్డ, రేపే ఆపరేషన్. తోడు కోడలు స్వరూప. బీపీ, షుగర్, పడని మందులు... అన్నీ అడిగాను. మద్యం, పొగాకు గడి దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదో మంచం మీద ముసలాయన వాంతి. అరవై ఏళ్ల ఆడమనిషిని ఏం అడుగుతాంలే అనుకున్నాను. 'లేదు' మీద టిక్ పెట్టి పరుగెత్తాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఈ రోజు నుంచి ఉదయం డ్యూటీ. ఆపరేషన్‌కు ముందు కొమురమ్మ మెట్టెలు సబ్బు నీళ్లతో ఊడి వచ్చాయి. పుస్తెలతాడు దగ్గర పేచీ.

"ముసలోడు పానంతోనే ఉన్నడు గద బిడ్డా, మెడలకెళ్లి ఎట్ల తీస్త?"

వాదించే ఓపిక లేదు. కట్టు గుడ్డ చింపి, స్వరూప కొంగున ఉన్న పసుపు కొమ్మును దానికి ముడేసి, పుస్తెకు బదులుగా ముంజేతికి కట్టాను. అప్పుడు పుస్తెలతాడు తీసి స్వరూప చేతిలో పెట్టింది. స్ట్రెచర్ కదులుతుంటే నా వేలు వదలదు.

"నువ్వుంటవా?"

"ఉంట అవ్వా. ఫికర్ చెయ్యకు."

రెండింటికి డ్యూటీ అయిపోయినా ఉన్నాను. ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. గడ్డ తీసి పేగు కలిపి కుట్టారు. వార్డుకు తెచ్చాక పావుగంటకోసారి నాడి, బీపీ... అన్నీ బాగున్నాయి. గర్వంగా ఇంటికొచ్చాను.

ఫిబ్రవరి 11, బుధవారం

బాగుంది. చేతులు కొంచెం వణుకుతున్నాయి. "సలి పెడ్తాంది" అన్నది. రెండో దుప్పటి కప్పాను.

ఫిబ్రవరి 12, గురువారం

వెళ్లేసరికి స్వరూప గుమ్మంలోనే — "అత్త మమ్ముల గుర్తు పడ్తలేదు సిస్టర్!"

ఒళ్ళంతా చెమట. నాడి నూట ఇరవై ఎనిమిది. కళ్లు తెరిచే ఉన్నాయి, మనల్ని చూడటం లేదు. రెండు చేతులతో దుప్పటి మీద మిరపకాయలు ఏరుతోంది. ఒక్కో కాయ తెంపడం, ఒళ్లో వేసుకోవడం... "సంచి పట్టవేందే, మబ్బు పడ్తాంది" అని నన్ను కసిరింది. ముక్కులోని గొట్టం సగం లాగేసింది. ఇద్దరం పట్టుకున్నా ఆగదే!

పెద్ద సార్ వచ్చారు. కడుపు నొక్కి చూశారు. "కుట్టు లీకై ఉంటుంది. స్కాన్ చేయండి. మళ్లీ తెరవాలి, థియేటర్‌కు చెప్పండి." మూడు రోజుల్లో రెండోసారి ఆ కడుపు తెరిస్తే... తట్టుకోదు. అది సార్‌కీ తెలుసు.

స్కాన్‌కు తీసుకెళ్లే ముందు స్వరూప నన్ను బాత్రూముల వైపు లాగింది. కొంగు కింద నీళ్ల సీసా. అందులో తెల్లగా.

"జర ఒక్క గుక్క పోస్తే నిమ్మళమైతది సిస్టర్. ఇంట్ల రోజు పొద్దుమాపు తాగుతది. మందు గాదు, కల్లే!"

మూత తీసి వాసన చూశాను. ఇప్పటి కల్లులో కలిపే మత్తుమందుకు ఒళ్లు అలవాటుపడి, అది ఒక్కసారిగా ఆగితే రెండో మూడో రోజుకు ఇదే జరుగుతుంది. ఎన్ని కేసులు చూడలేదు! ఫిట్స్ వస్తాయి. ప్రాణమూ పోవచ్చు.

సార్ దగ్గరికి పరుగెత్తి చెప్పాను. స్కాన్‌లో కుట్టు బాగానే ఉంది. ఆపరేషన్ ఆపి, ఫిట్స్ రాకుండా మత్తు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. తర్వాత కేస్ షీటు తిప్పారు. టిక్ చూశారు. స్వరూప వైపు తిరిగి వార్డు మొత్తం వినేలా — "దాచిపెడతారా? మనిషిని చంపుకుంటారా?"

"తప్పైంది సారూ..." అని ఆ పిల్ల దండం పెట్టింది. అడిగామో లేదో కూడా దానికి గుర్తులేదు.

నేను పక్కనే ఉన్నాను. డ్రిప్ చుక్కలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

తెల్లవారుజామున ఒకసారి ఫిట్స్ వచ్చాయట. ఇప్పుడు మత్తులో ఉంది. ఊపిరి నిమిషానికి పద్నాలుగు.

స్వరూప అరటిపండ్లు తెచ్చిచ్చింది. "నువ్వు చెప్పకపోతె మల్ల కోద్దురు అక్కా. నీ పుణ్యమే." తీసుకున్నాను. తినలేక ఆయాకు ఇచ్చేశాను.

మా నాయనమ్మ కల్లు తాగనిదే వరి నాటుకు దిగేది కాదు. ఆ ఇంట్లో పుట్టినదాన్ని. టౌనులో, కాశిబుగ్గలో కాపురం, ఒంటి మీద తెల్లకోటు వచ్చేసరికి ఆడవాళ్లు తాగరని నాకెవరు చెప్పారు? సిగ్గేస్తోంది.

ఇన్‌ఛార్జి విమలక్కకు మెల్లగా చెప్పాను. "నోరు ముయ్యి. వాళ్లే ఒప్పుకున్నరు గద. పేషెంట్ బతికింది, ఇంకేంది?" అన్నది.

ఫిబ్రవరి 14, శనివారం

పది గంటలకు రౌండ్స్. కొమురమ్మ కళ్లు తెరిచింది. కోడల్ని పేరు పెట్టి పిలిచింది. మిరపకాయలు లేవు. సార్ నవ్వుతూ, "ఏమమ్మా, కల్లు సంగతి మా దగ్గర దాచినవట?"

ఆమె ఆయన్ని నింపాదిగా చూసింది.

"నేనెందుకు దాస్త సారూ? నన్నెవ్వలు అడుగలే. అడిగితె చెప్పకపోదునా? కల్లు తాగుడు దొంగతనమా?"

స్వరూప కంగారుగా, "అత్తా, ఊకో" అన్నది. సార్ షీటు మీద టిక్ చూసి తల ఊపారు. "ఇంకా తికమక పోలేదు. అడిగింది కూడా గుర్తులేదు. ఇంజెక్షన్ ఇంకో రోజు, ఇదే డోసు." వెళ్లిపోయారు.

మనిషికి మతి పూర్తిగా వచ్చింది. అన్నమాటలో ఒక్క అక్షరం తప్పులేదు. నన్ను కూడా గుర్తుపట్టింది — "ఆ రోజు బయిట నిలబడ్డవు గద బిడ్డా" అన్నది.

తర్వాతి డోసు మధ్యాహ్నం రెండింటికి. ఊపిరి ఇప్పటికే నిమిషానికి పన్నెండుకు దిగింది. ఈ ఒంటికి ఆ మత్తు మందు ఇక అక్కర్లేదు, ఇస్తే ఊపిరి ఇంకా తగ్గుతుంది. తగ్గకపోవచ్చు కూడా... ఆ టిక్ పెట్టిన రోజు కూడా ఇలాగే 'ఏం అడుగుతాంలే' అనుకున్నాను.

ఇప్పుడు ఒంటిగంటా నలభై. డ్యూటీ రూములో రాస్తున్నాను. సిరంజి ట్రేలో ఉంది, మందు ఇంకా ఎక్కించలేదు. సార్ కింద ఓపీలోనే ఉన్నారు. డోసు ఆపించాలంటే, ఆ టిక్ అడగకుండా పెట్టింది నేనేనని చెప్పాలి. విమలక్క రెండుసార్లు పిలిచింది.