ఎడమ భుజాన పలక

6 మార్చి 2024
నా పేరు పోలేరమ్మ. వయసు అరవై ఎనిమిది. పూతలపట్టు పక్కన పల్లె. ఇంట్లో నేను, కడగొట్టు కొడుకు విజయ్ కుమార్, కోడలు నిస్సీ. మొగుడు పోయి ఇరవై ఆరేళ్ళు. ఆయన పోయిన రెండో నెలలోనే ఆయన పలక, అదే డప్పు, నేను భుజాన వేసుకున్నాను. ఆడది పలక కొడుతుందా అని నవ్వినవాళ్ళ ఇళ్ళలో చావులకు నేనే కొట్టాను. గంగమ్మ జాతరలో కొట్టాను. నాకు చదువు రాదు. రేషన్ మిషన్ నా ఎడమ బొటనవేలిని గుర్తుపట్టదు. నేను చెబుతుంటే నిస్సీ రాస్తోంది. జరిగింది జరిగినట్టు రాయించి పెట్టుకోమని, అప్పీలుకు పనికొస్తుందని లాయరు మోహన్‌కృష్ణ కబురు చేశాడు.

7 మార్చి
అసలు సంగతి ఇది. విజయ్ పంతొమ్మిదేళ్ళకు మిలిటరీలో చేరాడు. పన్నెండేళ్ళు పెద్ద ఫిరంగి గన్నుల దగ్గర పని. కుడి చెవి పోయింది. మెడికల్ బోర్డు చూసి సర్వీసు మధ్యలోనే ఇంటికి పంపారు. చెవుడు పదిహేను శాతమేనట, పెన్షన్‌కు ఇరవై ఉండాలట. అదీ సర్వీసు వల్ల కాదట. కాబట్టి డిజేబిలిటీ పెన్షన్ లేదు.
కారణం మావాడి నోరే. డాక్టరు ముందు రొమ్ము విరుచుకుని, మాది పలక కొట్టే ఇల్లు సార్, చప్పుడుకు బెదిరే జాతి కాదు అన్నాడట. డాక్టరు అదే పట్టుకున్నాడు. చిన్నప్పటి డప్పు చప్పుడు వల్ల వచ్చిన చెవుడు అని రాసేశాడు.
వాడి మీద నాకు కోపం లేదు. ఆ మాట నేనైనా అనేదాన్నే. కానీ కొడుకు చెవి తిన్నది నా పలక అని కాగితం మీద ఉన్నంతకాలం నేను చావను.

20 మార్చి
చిత్తూరు వెళ్ళాం. లాయరు దారి చెప్పాడు. చేరేటప్పుడు రెండు చెవులూ బాగున్నాయని మిలిటరీ డాక్టరే రాశాడు. తర్వాత చెడితే, అది సర్వీసు వల్ల కాదని చూపాల్సింది వాళ్ళే, మనం కాదు. మధ్యలో ఇంటికి పంపారు గనక ఇరవైకి తక్కువున్నా ఇరవై కిందే తీసుకోవాలని కోర్టులు చెప్పి ఉన్నాయి. రిజెక్షన్ లెటర్ వచ్చింది జనవరి పన్నెండున. ఆరు నెలల్లో అప్పీలు పడాలి.
అంతా బాగుంది, మరి పలక మీద పడిన మాట ఎవరు తుడుస్తారు అన్నాను. అదంత పెద్ద విషయం కాదన్నాడు.
"నీకు కాదప్పా. ఇరవై ఆరేండ్లు కొట్టినా నేను. నా చెవులు పరీచ్చ చేయించు. పలక చెవులు తినేదే అయితే ముందు నాయే తినుండాల."
నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపి, తిరుపతిలో చెవులు పరీక్షించే డాక్టరమ్మ పేరు రాసిచ్చాడు.

16 ఏప్రిల్, సాయంత్రం
పరీక్ష అయింది. మూసిన గది, చెవులకు డిప్పలు. సద్దు వినపడితే చెయ్యి ఎత్తాలి. చీమ నడిచినా ఎత్తుతానని డాక్టరమ్మకు ముందే చెప్పాను.
కుడి చెవి ఈ వయసుకు మెచ్చుకోదగ్గదట. ఎడమ చెవికి వినికిడి తగ్గిందట. అది చప్పుడు దెబ్బేనట.

17 ఏప్రిల్
నిస్సీ, పుస్తకం మూసెయ్.

24 ఏప్రిల్
పక్కింటి సంతోషమ్మ వచ్చింది. ఇకనైనా పలక దించమంది. కాఫీ ఇచ్చి పంపించాను. దించను.

29 ఏప్రిల్
నిస్సీ, గబగబా రాయి.
నా పరీక్ష కాగితం అప్పీలులో పెట్టొద్దని లాయరుకు చెప్పడానికి పొద్దున విజయ్‌తో చిత్తూరు బస్సెక్కాను. ఎప్పుడూ నేను వాడికి ఎడమ పక్కన కూర్చుంటాను. ఈ రోజు గాలి కోసం కిటికీ వైపు జరిగాను. అంటే వాడికి కుడి పక్క. ఇక నేనడిగింది వాడికి వినపడదు, వాడు చెప్పింది నాకు వినపడదు. ఇద్దరం అరుచుకుంటున్నాం. కండక్టరు వచ్చి, "ఏమవ్వా, కొడుకుతో కొట్లాడేదానికి టికెట్టు తీసుకున్నావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది.
నేను నవ్వలేదు. లేచి మళ్ళీ వాడి ఎడమ పక్కకు వచ్చి కూర్చున్నాను. వాడి మాట శుభ్రంగా వినిపించింది. నాది వాడికీ వినిపించింది. నా మంచి చెవి కుడిది, వాడి మంచి చెవి ఎడమది.
పలక వేలాడేది ఎడమ భుజాన. సద్దు కొట్టేది ఎడమ చెవికి. వాడూ చిన్నప్పుడు అట్లాగే వేసుకుని కొట్టాడు. మరి వాడికి పోయింది కుడిది కదా.
"రేయ్, గన్నుకు నువ్వు ఏ పక్క కూర్చునేవాడివి?" అన్నాను.
"ఎడం పక్కనేమా. గురి చూసేవోడు ఎప్పుడూ ఆడనే. గన్ను కుడి చెవి పక్కనే ఉంటాది."
లాయరు దగ్గరికి చేరగానే అతని బల్ల మీది ఫైలు తీసుకుని ఎడమ భుజానికి ఆనించి, పలక ఎలా పడతామో చూపించాను. మూడుసార్లు చూపించమన్నాడు. నీ చెవుడు కూడా కాగితంలో రాయాల్సి వస్తుంది, ఫరవాలేదా అని అడిగాడు.
"రాయప్పా. నా ఎడం చెవి పలక తినింది. తినమని నేనే ఇచ్చినా. నా బిడ్డ కుడి చెవి తినింది గన్ను. అది ఎవురిదో వాళ్ళు చెప్పాల."

1 జూలై
అఫిడవిట్ చదివి వినిపించారు. పలక మాట నాలుగో పేరాలో ఉంది. రెండుసార్లు చదివించుకున్నాను. ఎడమ బొటనవేలు ఒత్తితే గీతలు పడలేదు, వట్టి నల్లమచ్చ. లాయరు కుడిది ఇమ్మన్నాడు. ఇచ్చాను. ఎడమది కొట్టేయొద్దన్నాను. ఇరవై ఆరేళ్ళు పలక అంచు పట్టిన వేలు అది.

2 జూలై
అప్పీలు పోస్టులో వెళ్ళింది. ఈ పుస్తకంలో కూడా ఒత్తుతున్నాను. ఎడమదే.

పోలేరమ్మ వేలిముద్ర
చూసినవాళ్ళు: నిస్సీ, సంతోషమ్మ