కుటుజోవ్‌కి ఇరవై మార్కులు

మారేడ్‌పల్లి, సికింద్రాబాద్
12-3-2001

నాన్నా,

ఒంట్లో బాగానే ఉంది. మనసే బాగోలేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరునని నువ్వు ఊళ్లో అందరికీ చెబుతున్నావట. కాదు నాన్నా. బేగంపేటలో మా కంపెనీ అమెరికావాళ్ల కోసం కంప్యూటర్లో ఆడే యుద్ధాల ఆట తయారుచేస్తోంది. అందులో అన్ని కాలాల సేనాపతులూ ఒకరితో ఒకరు పోరాడతారు. ఏనుగులతో కొండలు దాటిన హానిబాల్, ఫిరంగుల నెపోలియన్, ట్యాంకుల రోమెల్. ఎవరెంత గొప్పో నూటికి మార్కులు వెయ్యడం నా పని. హిస్టరీ ఎమ్మే అని తీసుకున్నారు. ఏనుగుని ట్యాంకుతో ఎలా కొలవను? చేతిలో ఉన్నదాంతో ఏం చేశాడు, ఎంతమందిని బతికించాడు అని చూసి వేశాను. నెపోలియన్ మీదికొస్తే మాస్కోని వదులుకుని సైన్యాన్ని కాపాడుకున్న రష్యా సేనాపతి కుటుజోవ్‌కి తొంభై వేశాను. మా మేనేజరు ఓంప్రకాశ్ కొట్టేసి ఇరవై చేశాడు.

"పారిపోయేటోన్ని ఆటల ఎవరు తీసుకుంటరు? ఈ మార్కుల కింద సంతకం పెట్టు" అన్నాడు.

పెట్టాను. పదకొండు నెలలుగా ఇలాగే పెడుతున్నాను. నేను పనిచేసేది కిటికీ లేని గది. మానేద్దామంటే నా డిగ్రీ కాగితాలన్నీ అతని బీరువాలో ఉన్నాయి, మూడేళ్లు కదలనని రాయించుకున్నారు. "గిట్ల రోజూ పరేషాన్ అయితే ఎట్ల" అంటుంది పక్క సీటు భవాని. మొన్న ఆఫీసు గుమ్మం దాకా వెళ్లి లోపలికి వెళ్లలేకపోయాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. కానీ మానేస్తే నీ ముఖం ఎలా చూడను? మిలిటరీలో ఒక్కసారీ వెనక్కి తిరగనివాడివి నువ్వు.

నీ కూతురు,
దేవి

విజయనగరం
17-3-2001

అమ్మా దేవీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను వెనక్కి తిరగలేదన్నది అబద్ధం తల్లీ. అరవై రెండులో చైనా యుద్ధంలో కొండమీద మాకు తూటాలు అయిపోయాయి. అక్కడే నిలబడమని పైనుంచి ఆర్డరు. మా కెప్టెను వైర్‌లెస్ ఆపేసి దిగిపొమ్మన్నాడు. ముప్ఫై ఒక్కమందిమి మంచులో ప్రాణాలతో దిగాం.

తర్వాత ఆయన మీద విచారణ పెట్టారు. నన్ను సాక్ష్యానికి పిలిచారు. దిగమన్నది ఆయనేనా అని అడిగితే అవునన్నాను. దిగకపోతే అందరం చచ్చేవాళ్లమన్న ముక్క నా నోటి దగ్గరే ఆగిపోయింది. పెద్ద ఆఫీసర్లని చూసి భయపడ్డాను. ఆయన ఉద్యోగం పోయింది. నాకు ప్రమోషనుతో హవల్దారు పట్టీ వచ్చింది. ఊరికొచ్చాక జనం అడిగితే మేం వెనక్కి తిరగలేదని చెప్పాను. అదే అలవాటైపోయింది. మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నువ్వు ఆ సంతకాలు ఎందుకు పెట్టావో నాకు తెలుసు. నీ మీద కోపం లేదు.

వచ్చే శుక్రవారం పొద్దున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి సికింద్రాబాద్‌లో దిగుతాను. నేరుగా మీ ఆఫీసుకే వస్తాను. ఆ మేనేజరుతో నేనే మాట్లాడతాను, ఈసారి అంతా మాట్లాడతాను. కాగితాలు ఇచ్చినా ఇవ్వకపోయినా సాయంత్రం రైలుకి నిన్ను తీసుకొచ్చేస్తాను. బట్టలు సర్దుకో.

మీ నాన్న,
పైడిబాబు