గౌరమ్మగారు సెప్పారా?

అమ్మకి, నీ గౌరి దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అల్లుడూ కులాసా. ఖరగ్‌పూర్‌లో తమ్ముడూ మరదలూ వాళ్ళ పాప హర్షితా బాగున్నారనీ, నీ మోకాళ్ళు కాస్త మాట వింటున్నాయనీ తలుస్తాను. ఫోన్లో నీకు సరిగ్గా వినబడదు. గట్టిగా అరిచి చెబితే సంగతి వీధంతా తెలుస్తుంది. అందుకే ఉత్తరం.

"రైల్వే క్వార్టర్సులో అందరూ అడుగుతన్నారే, యూనివర్సిటీలో మీ అమ్మాయి సేసే పనేటని. పాఠం సెప్పవు, పేపర్లు దిద్దవు, మరి జీతం దేనికే?" అని రాశావు. కడుపుబ్బ నవ్వాను. యూనివర్సిటీ తరఫున లోకానికి మాట చెప్పడం నా పనమ్మా. ప్రెస్‌నోట్లు సైకిల్ మీద పెట్టుకుని విజయనగరంలో పేపరాఫీసుల చుట్టూ తిరిగిన పిల్లనే సమాచార విభాగం డైరెక్టర్‌నయ్యాను. ఏసీ గది, తిరిగే కుర్చీ. ఆ కుర్చీలో కూర్చోబెట్టి నువ్వే దిష్టి తీశావు.

హాస్టల్లో ఆడపిల్లలకి వాంతులని టీవీలో చెప్పింది నిజమేనా అనీ అడిగావు. నిజమే. మంచినీళ్ళ ట్యాంకు ఎన్నాళ్ళుగానో కడగలేదు. పిల్లలందరూ ఇప్పుడు బాగున్నారు. ఆ రోజు వీసీగారు పిలిచి, "బయట పానీపూరీ తిని స్వల్ప అస్వస్థత అని రాయండి" అన్నారు. నాకు నువ్వు గుర్తొచ్చావు. సంతలో వంకాయల బుట్ట దించగానే పుచ్చువి ఏరి ముందు పెట్టి, "ఇవి పుచ్చులమ్మా, అయి మంచివి" అనేదానివి. నీ బుట్టే ముందు ఖాళీ అయ్యేది. ట్యాంకు కడగకపోవడం మా తప్పేనని రాశాను. "దీని కింద నా పేరుండటానికి వీల్లేదు" అన్నారాయన. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా! నా పేరూ, నా ఫోన్ నంబరూ వేసి పంపేశాను.

అమ్మా, ఇప్పుడు అసలు సంగతి. నా గదికి రంగులేస్తున్నారని, అందుకే వీడియోకాల్లో వెనక బీరువాలు కనిపిస్తున్నాయని చెప్పాను. అబద్ధం. నన్ను ఆ పోస్టులోంచి తీసేసి పాత జవాబుపత్రాల గోదాములో పడేశారు. కుర్చీ పోయింది. నువ్వక్కడ అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నావు, తలవంపులవుతుందని దాచాను.

అయితే విను. వాంతులప్పుడు మూసేసి పిల్లల్ని ఇళ్ళకి పంపేసిన హాస్టల్ మళ్ళీ తెరిచామని వీసీగారి సంతకంతో నోటీసు వెళ్ళింది. ఒక్క పిల్లా రాలేదు. తల్లిదండ్రులందరూ నాకే ఫోన్లు. బొబ్బిలి దగ్గర రైతు లక్ష్మణరావు గారైతే, "కాయితం ఎవులదైతే మాకేటమ్మా? ట్యాంకు సెడ్డదని సెప్పింది నువ్వు. బాగుందని గూడా నువ్వే సెప్పాల. అప్పుడు పిల్లని తోలతాను" అన్నారు. ఆఖరికి వీసీగారే గోదాముకి వచ్చి, "మీ పేరుతో ఒక్క మాట రాయండి" అన్నారు. కూర్చోమందామంటే రెండో కుర్చీ లేదు! ముందు ట్యాంకు చూస్తానన్నాను. నీళ్ళు పరీక్ష చేయించి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నిచ్చెనెక్కి చూసి, ఆ నీళ్ళే ఓ గ్లాసుడు తాగి, అప్పుడు రాశాను.

మర్నాడు గేటు దగ్గర ఆటోలే ఆటోలు. పెట్టె దించుతూ ఒకావిడ వాచ్‌మన్ నూకయ్యని అడుగుతోంది.

"గౌరమ్మగారు సెప్పారా?"

"సెప్పారమ్మా, తీసుకెల్లండి."

ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను కూడా.

కుర్చీ ఇంకా తిరిగి రాలేదు. వస్తే వస్తుంది. ఈసారి క్వార్టర్సులో నా పనేమిటని ఎవరైనా అడిగితే తడుముకోకు. "మా గౌరి బాగుందంటేనే పిల్లల్ని తోలతారు, అదీ దాని పని" అని చెప్పు.

ఇట్లు,
నీ వంకాయల బుట్ట పక్కన పెరిగిన పెద్దమ్మాయి,
గౌరి