హోటల్ ముంగట ఇస్తరాకులు

3 మార్చి 1941

ఇయ్యాల్టి సంది నేను బల్దియా సఫాయి దారోగను. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నా హల్కా. హోటళ్ల ముంగట చెత్త కనబడితే చలాన్ రాసుడు, రోడ్డు ఊడ్వని సఫాయోళ్ల మీద రిపోర్ట్ రాసుడు నా డ్యూటీ. ఖాకీ కోటు భుజాల కాడ జర వదులైంది. అయితేంది! అద్దంల నాలుగుసార్లు చూసుకున్న.

స్టేషన్ రోడ్డు ఊడ్చేది మా అమ్మ పోశవ్వనే. నన్ను చూసి చీపురు పక్కకు వెట్టి సలాం కొట్టింది. సిగ్గుతోని సచ్చిన. ఇంటికొచ్చి కొట్లాడిన. రోడ్డు మీద నువ్వు దారోగవు, కొడుకువు ఇంటికాడనే అన్నది.

11 మార్చి

వామన్‌రావు హోటల్ ముంగట మోరీల ఇస్తరాకుల కుప్ప. చలాన్ బుక్కు తీసిన. వామన్‌రావు గిరాకీలందరి ముంగట నా మీదికొచ్చిండు. అవి రాత్రివంట. మా అమ్మ ఊడ్వలేదంట. తల్లిని కాపాడనీకి ఆయన మీద రాస్తున్ననంట. హెల్త్ ఆఫీసర్ సాబ్‌కు అర్జీ పెట్టి మా ఇద్దరి నౌకరీలు ఊడగొడతడంట.

చలాన్ రాయలే. థూ, నేనేం దారోగను!

అదే రోజు, ఐదు గంటలు

అమ్మకు చెప్పిన. నవ్వింది. పిచ్చోడా, రాత్రి పారేసిన ఇస్తరాకులను స్టేషన్ కాడి ఆవులు తెల్లారేదాకా ఉంచుతయా అన్నది. పొద్దుగాల ఆవులను పాలు పిండనీకి ఇండ్లకు తోలుకపోతరు. ఈమె ఊడ్చి పోతది. గటెన్క రైలు దిగినోళ్లు హోటల్ల తిన్న ఆకులంట అవి. ఇరవై ఏండ్ల సంది ఊడుస్తుంది, ఆమెకు తెల్వదా!

13 మార్చి

అర్జీ నిజంగనే పెట్టిండు. సాబ్ తెల్లారకముందే వచ్చిండు. అమ్మ ఊడ్చినంక ముగ్గురం హోటల్ ఎదురుంగ నిలబడ్డం. రైలొచ్చింది. జనం తిన్నరు. హోటల్ మనిషి గంపెడు ఆకులు తెచ్చి మోరీల కుమ్మరించిండు.

సాబ్ నా దిక్కు చూసిండు. చలాన్ రాసిన.

చలాన్ మీద దస్కత్ పెట్టుకుంట వామన్‌రావు అన్నడు, తల్లి తప్పు చేసిన్నాడు గూడ గిట్లనే రాస్తవా చూస్త అని. రాస్త అన్న.

16 మార్చి

హోటల్ ముంగట ఆకులు వెయ్యనీకి కొత్త రేకు డబ్బా! వామన్‌రావు చూపెట్టి, చాయ్ తాగుమన్నడు. డబ్బా చూసిన. చాయ్ తాగలే. అబిడ్స్ దాకా రొమ్ము విరుచుకొని నడిచిన.

2 ఏప్రిల్

అమ్మకు జ్వరం. లేవలే.

2 ఏప్రిల్, పది గంటలు

స్టేషన్ రోడ్డు ఊడ్వలే. వామన్‌రావు గడప మీద నిలబడి నన్నే చూస్తుండు. హాజరు రిజిస్టర్ తీసిన. జ్వరమని రాస్తే అయిపోతుండె. కానీ దవాఖాన చిట్టీ లేదు. అబిడ్స్ ఊడ్చే జంగమ్మకు మొన్న చిట్టీ లేదనే గైర్‌హాజర్ వేసిన. ఆమెకో కాయిదా, మా అమ్మకో కాయిదానా? పోశవ్వ గైర్‌హాజర్, రోడ్డు సఫాయి కాలే అని రాసిన. రాసి గల్లీలకు పోయి ఏడ్చిన.

3 ఏప్రిల్

జ్వరం తగ్గింది. ఏం రాసినవో సదువు అన్నది. ఉర్దూల సదివిన. తెలుగుల చెప్పిన. కింద నీ దస్కత్ ఉన్నదా అని అడిగింది. ఔ అన్న.

బయటికి పోయి, దారోగ అంటే నా కొడుకే, ఇందురు రాండ్రి అనుకుంట బస్తీ ఆడోళ్లనందరిని పిలుచుకొచ్చింది. మళ్ల సదువు అన్నది.