సున్నం దెయ్యం ఆఖరి రీలు

నవంబరు 6, నందిగామ

విజయవాడ డాక్టర్ రేహానాని ఇక తీసుకురావద్దన్నాడు. ఇంట్లోనే ఉంచి ఇష్టమైనవి పెట్టమన్నాడు. నా పెళ్లానికి ఇప్పుడు మంచినీళ్లే గొంతు దిగటం లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఏదో ఒకటి చెప్పాలిగా, చెప్పాడు.

స్కూల్ బస్సు డ్యూటీకి సెలవు పెట్టా. కరస్పాండెంట్ సణిగాడు. సణుక్కోనీ.

నవంబరు 8

ఏం కావాలి అంటే ఒక్కటే అడిగింది. సున్నం దెయ్యం పిక్చర్ ఇంకోసారి చూడాలట. ఆఖరు దాకా.

పెళ్లయిన కొత్తలో చూశాం దాన్ని. నందిగామలో అయితే ఎవరో ఒకరు చూసి మా అమ్మకి మోస్తారని, బస్సెక్కి జగ్గయ్యపేట పోయాం. పోస్టర్ మీద తడిచీర పిల్ల, రక్తం, పెద్ద ‘ఎ’. హాల్లో రేహానా తప్ప ఆడమనిషి లేదు. దెయ్యం మొహానికి సున్నం కొట్టారు, అది కాస్తా చెమటకి కారిపోతోంది. గబ్బిలానికి కట్టిన దారం కనబడుతోంది. దెయ్యం కాళ్లకి హవాయి చెప్పులు! రేహానా బురఖా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అప్పటిదాకా నాతో గట్టిగా మాట్లాడనైనా లేదు. ఆ చెత్త సినిమానే మమ్మల్ని మొగుడూపెళ్లాల్ని చేసింది.

తర్వాత అలాంటివి ఎన్ని చూశామో! మంచి సినిమాకి తీసుకెళ్తే నిద్రపోయేది. మంచి సినిమాలో అందరూ మనకంటే బాగుంటారు. వీటిల్లో ఎవరికీ ఏదీ చేతకాదు, అయినా గుండెలవిసేలా అరుస్తారు. మాకు అది నచ్చేది.

కానీ ఆ మొదటి రోజు పిక్చర్ ఆఖర్లో మాత్రం నవ్వలేదు. చచ్చిపోయిన పెళ్లాం సున్నం కడుక్కున్న మొహంతో ఇంటికొస్తుంది. మొగుడు పారిపోడు. కాళ్లకి నీళ్లిచ్చి లోపలికి రమ్మంటాడు. ఇద్దరూ కూర్చుని అన్నం తింటారు. రేహానా నా చెయ్యి పట్టుకుంది. బస్సెక్కేదాకా వదల్లేదు.

నవంబరు 9

సున్నం దెయ్యం మేం పెట్టుకున్న పేరు, పిక్చర్ అసలు పేరు ఇద్దరికీ గుర్తులేదు. సెల్లో ఏమని వెతకాలి, నా బొంద.

నవంబరు 13

దొరికింది! యూట్యూబ్‌లో ఇలాంటివే పెట్టే ఛానెల్ ఉంది. కింద కామెంట్లే కామెంట్లు. దారం ఏ నిమిషంలో కనబడుతుందో కూడా రాశారు. వెధవల్లారా, మీకంటే ముందు మేం నవ్వాం రా.

మధ్యాహ్నం దిండుకి ఆనించి కూర్చోబెట్టా. చెప్పులు కనబడగానే నవ్వింది. ఎన్నాళ్లకి! పక్కింట్లోంచి నా తమ్ముడు జాకీర్ ఏడుపనుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఆఖర్లో మంత్రగాడు వచ్చాడు. నిప్పు పెట్టాడు. బూడిద. శుభం.

ఇది కాదు అంది రేహానా. ఇంటికొచ్చిందిగా, అన్నం తిన్నదిగా అని మళ్లీ మళ్లీ అంది. గోడవైపు తిరిగి పడుకుంది. నా చేతులారా చూపించా. నా నోట్లో మన్ను పడ.

నవంబరు 14

ఇద్దరం ఒకేలా ఎలా పొరబడతాం?

నవంబరు 16

జాకీర్ని రేహానా దగ్గర ఉంచి జగ్గయ్యపేట వెళ్లా. ఆ హాలు ఇప్పుడు కల్యాణమండపం. అడగ్గా అడగ్గా అప్పటి ఆపరేటర్ బసవయ్య గారి ఇల్లు చూపించారు.

విని పగలబడి నవ్వాడు ఆయన. ఊళ్లన్నీ తిరిగి అరిగిపోయిన ప్రింట్లే వాళ్లకి వచ్చేవట. ఆ పిక్చర్‌కి ఆఖరి రీలు డబ్బా రానే లేదట. ఆట ఆపితే జనం కుర్చీలు విరగ్గొడతారు. అందుకని గదిలో పడున్న ఏదో ఫ్యామిలీ పిక్చర్ ఆఖరి రీలు అతికించాడట. అందులో హీరోయిన్‌దీ తెల్లచీరే. మీరంతా తడిచీర కోసం వచ్చినోళ్లేగా, కథ ఎవడిక్కావాలయ్యా, ఒక్కడూ అడగలా అన్నాడు.

నిజమే, మేమూ అడగలా. సున్నం కడిగితే మొహం అలాగే ఉంటుందనుకున్నాం. మొగుడికి మీసం లేకపోతే, పెళ్లాం పోయిన దిగులుతో తీసేశాడనుకున్నాం.

మరి ఆ రెండో పిక్చర్లో ఆమె ఎలా చచ్చిపోయిందండీ అనడిగా. చావటమేంటి, పెద్ద జబ్బు చేసి ఆసుపత్రిలో నయమై ఇంటికొస్తుందయ్యా అన్నాడు. పేరు ఆయనకీ గుర్తులేదు.

బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చా. పక్కాయన ఎవరు పోయారు బాబూ అనడిగాడు. ఇంకా ఎవరూ పోలేదండీ అన్నా.

నవంబరు 17

చెప్పకూడదనుకున్నా. నా మొహం చూసి మొత్తం లాగేసింది.

ముందు నవ్వింది. బతికొచ్చినదాన్ని పట్టుకుని ఇన్నేళ్లూ దెయ్యమన్నామా, మన తెలివి తెల్లారినట్టే ఉంది అంది. నవ్వుకి దగ్గొచ్చింది. చెంచాతో నీళ్లు పట్టా. మూతి తుడిచా. తర్వాత అంది, అయితే చచ్చినదాన్ని లోపలికి రమ్మన్న మొగుడు ఏ పిక్చర్లోనూ లేడన్నమాట.

మేం చూసినవన్నీ తలుచుకున్నా. ఒక్కడూ లేడు. నిమ్మకాయలు కడతారు, మంత్రగాణ్ణి పిలుస్తారు, తగలేస్తారు. నేనున్నాను కదే అనాలనిపించింది. అలా అంటే తను పోతుందని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ఇంకో చెంచా నీళ్లు పట్టా.

నవంబరు 26

రేహానా పోయింది.

నవంబరు 29

నిన్న సమాధి దగ్గర మూడోరోజు జియారత్ అయింది. అందరూ ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. వీధి తలుపు తీసే ఉంచుతున్నా. అన్నా, దొంగలొస్తారు, వేసుకో అన్నాడు జాకీర్.

ఎవరో ఒకరు రానీ.