కొత్తవాడి ప్రశ్నలు, నా జవాబులు

మార్చి 3, సోమవారం

ఇవాళ ఫోన్లు, కంప్యూటర్ల గురించి అడిగి తెలుసుకునే మా ఆన్‌లైన్ ఫోరమ్‌లో ఎవరో వైఫై పాస్‌వర్డ్ మార్చడం ఎలా అని అడిగాడు. పెట్టుకున్న పేరు 'కొత్తవాడు'. అడిగిన పది నిమిషాలకే నలుగురు మీద పడ్డారు. ఇది కూడా రానివాడివి వైఫై ఎందుకు పెట్టించుకున్నావని ఒకడు. ముందు వెతుక్కో, తర్వాత అడుగు అని ఇంకొకడు.

ఒళ్ళు మండింది. ఆరేళ్ళ కిందట నేనూ ఇక్కడే, అటాచ్‌మెంట్ అంటే ఏమిటని అడిగి నవ్వులపాలయ్యాను. అప్పుడే ల్యాబ్‌లో చేరాను. బ్లడ్ రిపోర్టులు మెయిల్ చేయడం రాకపోతే ఉద్యోగం ఊడేలా ఉంది. ఒక్కరూ చెప్పలేదు. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను. అందుకే ఇప్పుడు ఎంత చిన్న ప్రశ్నయినా స్క్రీన్‌షాట్‌లు పెట్టి మరీ చెబుతాను. అక్కడ నా పేరే అక్కగారు అయిపోయింది.

అతనికీ చెప్పాను.

మార్చి 5

కొత్తవాడు మళ్ళీ వచ్చాడు. ఒక ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు రెండో ఫోన్‌లోనూ కనిపించాలట. ఎనిమిది బొమ్మలు పెట్టి వివరించాను. మీ మేలు మరచిపోను అక్కగారూ అని రాశాడు. రోజంతా ఆ మాటే మనసులో తిరిగింది. రిపోర్ట్ ఆలస్యమైందని ఒక పేషెంట్ గట్టిగా అరిచినా కోపం రాలేదు.

మార్చి 9, ఆదివారం

లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేలా చేయడం ఎలా అని అడిగాడు. వాళ్ళమ్మకి మతిమరుపట. బయటికి వెళితే ఇల్లు గుర్తుండదట. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. పొయ్యి మీద కూర సంగతే మరచిపోయి జవాబు రాశాను. మాడింది. మా ఆయన నోరెత్తకుండా తిన్నారు.

మార్చి 14, లంచ్ టైమ్

కొత్తవాడి ప్రశ్న. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోన్ పైన చిన్న గుర్తు వస్తోందట, అది కనబడకూడదట. "ఆఫీసులోంచి బయల్దేరగానే నాకు తెలియాలి. నాకు తెలుస్తున్నట్టు తనకి తెలియకూడదు."

రెండు లైన్లు టైప్ చేశాక వేళ్ళు ఆగిపోయాయి.

ఇల్లే గుర్తులేని తల్లికి ఆఫీసేమిటి?

పాత ప్రశ్నలన్నీ తీసి చదివాను. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ తప్పు కాదు. వరసగా చూస్తే ఎవరి మీదో నిఘా. టైప్ చేసింది చెరిపేశాను. ఆ ఫోన్ ఎవరిదని విడిగా మెసేజ్ పెట్టాను.

అదే రోజు, సాయంత్రం 6

జవాబొచ్చింది. "నా పెళ్ళాం ఫోన్. నా ఇంటి విషయం. మీరు చెప్పకపోతే ఇంకొకరు చెబుతారు. అయినా ఇంతవరకు చెప్పింది మీరేగా."

మార్చి 15

మా ఆయనకి చెప్పాను. ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తారు. కొత్తవాళ్ళతోనే ఆయన బతుకూ.

"బండి నేర్చుకోడానికి వచ్చినవాణ్ణి ఎవరిని గుద్దుతావని అడుగుతామా? నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అన్నారు.

"గుద్దడం ఎలా అని అడిగితే?" అన్నాను.

"తాళాలు లాక్కుంటా" అన్నారు.

నా దగ్గర తాళాలు లేవు. అన్నీ వాడి చేతిలో పెట్టేశాను.

మార్చి 16

ఇవాళ ఎవరికీ జవాబివ్వలేదు.

మార్చి 18

ఫోరమ్ నడిపే పెద్దాయనకి అంతా రాశాను. గంటలో వాడి అకౌంట్ తీసేశారు. నా జవాబులు కూడా తుడిచేశారు. మీ తప్పేం లేదమ్మా అన్నారు. ఆ మాట అనకపోయినా బాగుండేది. పోలీసులకి చెబుదామా అని అడిగితే, పేరు లేదు, ఊరు లేదు, ఏమని చెబుతారన్నారు.

ఫోరమ్‌లో తుడిస్తే వాడి బుర్రలోంచి పోతాయా?

వాడి భార్య ఎలా ఉంటుందో కూడా తెలీదు. ఇవాళ రిపోర్టుల కోసం వచ్చిన ప్రతి ఆడమనిషి ఫోన్ వంకే చూశాను. ఒకావిడ నన్ను అనుమానంగా చూసి ఫోన్ బ్యాగులో పెట్టేసుకుంది.

మార్చి 22

"మీ ఫోన్‌ని ఇంకెవరైనా చూస్తున్నారా?" అని పోస్ట్ రాశాను. వాడికి నేర్పినవన్నీ ఎలా కనిపెట్టాలో, ఎలా తీసేయాలో. తొందరపడి ఏదీ ఆపొద్దని, ఆపితే అవతలివాడికి తెలుస్తుందని, ముందు వేరే ఫోన్ నుంచి నమ్మకమైన మనిషితో మాట్లాడమని మొదట్లోనే పెట్టాను.

తొలి కామెంట్: ఇది కూడా తెలీదా జనాలకి?

"తెలీదు" అని రాశాను. అంతే.

మార్చి 27

మా ఆయన ఆ పోస్ట్ ప్రింట్లు కావాలన్నారు. నేర్చుకోడానికి వచ్చే ఆడవాళ్ళకి రోడ్డు గుర్తుల పుస్తకంలో పెట్టి ఇస్తున్నారట. ఏమీ చెప్పరట, ఊరికే ఇస్తారట. ఇరవై తీసిచ్చాను.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం

ఒకావిడ. కొత్త అకౌంట్. "నాకేమీ తెలీదు, నవ్వకండి. లొకేషన్ ఆపినా మళ్ళీ దానంతటదే వస్తోంది. ఇప్పుడు రాస్తున్నది నా ఫోన్ కాదు, పక్క సీటావిడది."

వాడి భార్యేనా? ఇలాంటివాళ్ళు ఇంకెంతమందో. అడగలేదు. ఈ పని ఒకడికి నేర్పింది నేనేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. నా మనసు తేలికపడటానికి ఆవిడ టైమ్ తినేయడమెందుకు?

విడిగా గంటన్నర రాసుకున్నాం. కౌంటర్ దగ్గర క్యూ తలుపు దాటింది. మేనేజర్ రెండుసార్లు కేకేశాడు. లేవలేదు. రేపు చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానంది. చివరగా అడిగింది.

"వెళ్ళేటప్పుడు ఫోన్ ఏం చేయాలక్కా?"

"ఛార్జింగ్‌లో పెట్టి, ఇంట్లోనే వదిలేసి వెళ్ళమ్మా."

ఏప్రిల్ 5

ఆవిడ దగ్గర్నుంచి ఏమీ లేదు.

ఏప్రిల్ 9

"కొత్త ఫోన్ కొనుక్కున్నానక్కా. ముందు ఏం నొక్కాలి?"