ఆరో కప్పు

మార్చి 3, ఉదయం 6.40

వేళ్ళొచ్చాయి!

పళ్ళు కూడా తోముకోకుండా రాస్తున్నాను. ప్లాస్టిక్ కప్పు గోడకు తెల్లటి దారప్పోగు అంటుకుని కనిపిస్తే మొదట బూజనుకున్నాను. మా కళ్ళజోళ్ళ షాపు నుంచి తెచ్చిన భూతద్దం పెట్టి చూశాను. బూజు కాదు, వేరు! రెండో కప్పులో మూడు. నాలుగో కప్పులో లెక్కపెట్టలేనన్ని. ఆరోదాంట్లో ఒకే ఒక్కటి, వెంట్రుకంత. పోనీ, అదైనా వచ్చింది.

మా ఆయన్ని లేపాను. ఒక కన్నే తెరిచి, కవలలు పుట్టినట్టు ఆ అరుపులేమిటే అన్నారు. తర్వాత లేచి వచ్చి ఆయనా పావుగంట చూశారు. లిఫ్టుల రిపేరు డ్యూటీకి లేటయింది. ఎవరో లిఫ్టులో ఇరుక్కుని ఈయన కోసం ఎదురుచూస్తున్నారట.

మార్చి 4

డైరీకైనా నిజం చెప్పాలి.

ఈ ఆరు పుల్లలూ కింద పెరట్లోని అంజూర చెట్టువి. అత్తయ్య టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో రిటైరైన రోజు పక్క సీటావిడ ఇచ్చిన మొక్క అది. పద్దెనిమిదేళ్ళు కాసింది. ఆ పక్క సీటావిడ ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోన్ చేసి, మనుషులకంటే ముందు చెట్టునే అడుగుతుంది. బ్రహ్మాండంగా ఉందంటారు అత్తయ్య. అది ఎండిపోయి రెండు నెలలైంది. మొద్దు కూడా కొట్టించేశాం.

పురుగు పట్టిందని అత్తయ్య, నేలలో సారం పోయిందని మా ఆయన. నేను కుక్కిన పేనులా ఉన్నాను. పురుగూ కాదు, సారమూ కాదు. టాంకు కడిగిన బ్లీచింగ్ నీళ్ళు పారబోస్తే దండగని, బకెట్ మీద బకెట్ దాని మొదట్లో పోసింది నేను. ఆకులు రాలాక గానీ నా బుర్ర వెలగలేదు. పచ్చిగా మిగిలిన ఒక్క కొమ్మని ఆరు ముక్కలు చేశాను.

ఒక్కటైనా బతకాలి. అప్పుడు ఆ మొక్కని అత్తయ్య చేతిలో పెట్టి ఒప్పుకుంటాను. వట్టి చేతులతో ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

మార్చి 9

మిగతా వాటికీ వేళ్ళొచ్చాయి. కప్పులు సంచిలో పెట్టుకుని నర్సరీకి వెళ్ళాను. వేళ్ళు గోధుమరంగుకు తిరిగాయి, కుండీల్లోకి మార్చొచ్చన్నాడు నర్సరీ ఆయన. చెమ్మ పోకుండా మీద పెట్టిన ప్లాస్టిక్ మూత ఒక్కసారిగా తీసేయొద్దట, రోజుకో గంట చొప్పున గాలి అలవాటు చేయాలట. నీళ్ళు మాత్రం కుండీ ఎత్తి చూసి తేలికగా ఉంటేనే పోయాలట. వేళ్ళు రాక చచ్చేవి కొన్నేనమ్మా, వచ్చాక మీరంతా ప్రేమతో చంపేవే ఎక్కువ అన్నాడు. నవ్వేశాను. మనకు కాదులే అనుకున్నాను.

బాల్కనీ ట్రేలో ఐదు కుండీలే పట్టాయి. ఆ వెంట్రుక వేరుది ఎలాగూ దక్కదని, మూతైనా పెట్టకుండా కప్పుతో సహా షాపుకు తీసుకెళ్ళి, నా కుర్చీ వెనక ఎత్తున ఉన్న కిటికీలో పెట్టేశాను. ఇంట్లో అందరికీ ఆర్డర్ వేశాను: కుండీల మీద నేను తప్ప ఎవరూ చెయ్యి వేయకూడదు.

మార్చి 13

ఐదింటికి ఐదూ ఆకులు విప్పాయి! కాలు నేల మీద నిలవడం లేదు. షాపులో ఒకాయన కుడికంటి అద్దం ఎడమకు బిగించి, మళ్ళీ విప్పి బిగించాను. యజమాని తిట్టినా చెవికెక్కలేదు.

అత్తయ్యకు చూపు మందగించింది కదా, ఆకుని వేలికొసతో తడిమి చూశారు. గరుకుగా ఉంది, మన చెట్టుదే అన్నారు. వెంటనే ఆ పాత ఆపరేటర్ గొంతుతో, లైన్ కలిసిందమ్మాయ్, మాట్లాడు అన్నారు.

ఆ క్షణంలో చెప్పేయాల్సింది. ఇంకొంచెం పెరగనీ అనుకున్నాను.

మార్చి 14

నిద్రలో కూడా నవ్వానట.

మార్చి 18

మూడోదానికి ఒక ఆకు పసుపెక్కింది. ఎండదెబ్బ అయ్యుంటుంది. రోజూ పోసే అర గ్లాసుకు బదులు గ్లాసు నిండా పోశాను.

మార్చి 20

రెండోది, నాలుగోది కూడా వాడాయి. కుండీ ఎత్తితే రాయిలా ఉంది. నేను పోసే నీళ్ళకు ఇంత బరువెలా వస్తుంది?

మార్చి 21, శనివారం సాయంత్రం

ఐదూ పోయాయి.

మూడోదాన్ని పెకలించి చూశాను. వేళ్ళు నల్లగా మురిగి, జిగటగా చేతికి ఊడి వచ్చాయి. బాల్కనీలో చతికిలబడి ఏడ్చాను. ఇద్దరినీ పిలిచి, వీటికి నీళ్ళెవరు పోశారని అడిగాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఇద్దరూ ఒకేసారి గొంతు సవరించుకున్నారు.

పొద్దున డ్యూటీకి వెళ్ళే ముందు తలా ఒక కప్పు పోశారట మా ఆయన. నాకు పని తగ్గుతుందనట! మధ్యాహ్నం మాత్ర వేసుకున్నాక సీసాలో మిగిలిన నీళ్ళు అత్తయ్య పోశారట. పాపం, దాహమేస్తుందేమోనని. సాయంత్రం నేను సరేసరి. మూడు పూటలా, ఒకరికి తెలియకుండా ఒకరం! అంత ఏడుపులోనూ ముగ్గురికీ నవ్వొచ్చింది. పెద్ద చెట్టుని పురుగు తింటే పిల్లల్ని మనం ముంచేశాం అన్నారు అత్తయ్య.

పురుగు కాదత్తయ్యా, నేనే అన్నాను. బ్లీచింగ్ సంగతి మొత్తం చెప్పేశాను. వట్టి చేతులతోనే.

ఆవిడ గోడ పట్టుకుంటూ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

మార్చి 22, ఆదివారం

పక్క సీటావిడ ఫోన్ మూడుసార్లు మోగింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క కాల్ కూడా వదల్లేదని చెప్పుకునే అత్తయ్య, ఎత్తలేదు. నాతో మాటల్లేవు. తిట్టినా బాగుండేది.

అదే రోజు, 4.15

ఆరోది! ఆరోది ఉందిగా! రోజూ దానికి వీపు పెట్టుకునే కూర్చుంటున్నాను, ఒక్కసారైనా తల తిప్పానా? ఈరోజు షాపు మూత. రేపటిదాకా ఎలా ఆగను?

మార్చి 23

పొద్దున తొమ్మిదింటికి షాపు తెరవగానే స్టూలెక్కి చూశాను. బతికుంది! బతికుంది! రెండు ఆకులు, ఒకటి నా అరచేయంత. ఆ ఒంటి వెంట్రుక నుంచి పుట్టిన వేళ్ళు కప్పంతా అల్లుకున్నాయి. లెన్సులు అరగదీసే మెషిన్ తుంపరతో ఆ గది ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. అది తప్ప దానికి ఎవరూ ఏమీ చేయలేదు.

సెలవు అడగలేదు, చెప్పి వచ్చేశాను. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నావిడ అడక్కుండానే కథంతా చెప్పాను. తలుపు తట్టి అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ ఆకులు తడిమారు. కప్పు పైకెత్తి బరువు చూశారు. తేలికగా ఉంది, ఇప్పుడు పోయాలి కదూ అన్నారు.

రెండు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

మూడు చెంచాలు చాలనుకున్నాం. ఆవిడొకటి పోశారు, నేనొకటి పోశాను. మూడోది ఆయన వచ్చేదాకా ఉంచాం.

మార్చి 29, ఆదివారం

ఫోన్ మొదటి రింగుకే ఎత్తారు అత్తయ్య. చెట్టు పోయింది, మా కోడలు చంపింది అన్నారు. ఫోన్ రెండో చెవికి మార్చుకుని, ఒక పిల్ల ఉంది, అదీ మా కోడలిదే అన్నారు.

ముగ్గురం వంతులేసుకుని కప్పు ఎత్తి చూశాం. ఈరోజు ఎవరూ నీళ్ళు పోయలేదు.